జాలీ ఎత్తి చూశారా?

దీపావళి ముందురోజు. తెల్లవారుజామున నాలుగున్నర. నరక చతుర్దశి తలంట్లు. ఆడబిడ్డ, పిల్లలు వచ్చారు. ఇంట్లో మొత్తం ఎనిమిది మందిమి. ఉన్నది ఒక్కటే బాత్రూం. నువ్వుల నూనె, నలుగు పిండి, కుంకుడు రసం... అన్నీ వరసగా జరిగిపోతున్నాయి. ఐదో మనిషి స్నానం చేసేసరికి నీళ్లు చీలమండల దాకా వచ్చి ఆగిపోయాయి. ఆరో మనిషి తలుపు దగ్గరే తువ్వాలు భుజాన వేసుకుని నిలబడిపోయాడు.

నిజం చెప్పాలంటే ఆ నీళ్లు ఆ రోజే ఆగలేదు. నెల రోజులుగా మెల్లగా పోతున్నాయి. స్నానం చేసి బయటికి వచ్చాక పావుగంటకు గానీ నేల కనిపించడం లేదు. ‘పోతున్నాయి కదా’ అని ఊరుకున్నాం. మన ఇళ్లలో ఇలాంటి పనులన్నీ పండగ దాకా ఆగుతాయి. పండగ రోజే అడ్డం తిరుగుతాయి.

ఇస్నాపూర్‌లో పండగపూట ప్లంబర్ దొరకడం అంటే మాటలా? ముంబై హైవే మీద అప్పటికే పాశమైలారం వైపు కంపెనీ బస్సులు మళ్లుతున్నాయి. మా ఆయన నైట్ షిఫ్టు నుంచి ఇంకా రాలేదు. సరే, నేనే కొంగు బిగించాను. అలమర కింద నుంచి టాయిలెట్ కడిగే యాసిడ్ సీసా తీసి, సగం ఆ నీళ్లలో ఒంపేశాను. పది నిమిషాలు చూశాను. నీళ్లు కదల్లేదు. ఘాటు మాత్రం ముక్కుకు ఎక్కింది. 

మా అత్తమ్మ వానాకాలంలో దాచిన బ్లీచింగ్ పౌడర్ పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది. ‘‘గిది గూడ పొయ్యి. అంత కడుక్కపోతది’’ అంది.

పొట్లం విప్పుతున్నాను. పైపోర్షన్‌లో అద్దెకుండే తమ్ముడు మోటరు వేయమని అడగడానికి మెట్లు దిగుతున్నాడు. ఒక మందుల కంపెనీలో పని అతనికి. వాసన పట్టేశాడు.

‘‘అక్కా, ఆగు! అంతకుముందు ఏం పోసినవ్?’’

చెప్పాను. అతను నా చేతిలో పొట్లం తీసుకుని వాకిట్లో దూరంగా పెట్టి వచ్చాడు. బాత్రూం కిటికీ బార్లా తెరిచాడు. పిల్లల్ని అవతలి గదిలోకి పంపమన్నాడు. ‘‘మా కంపెనీల ఈ రెండు డ్రమ్ములు ఒక్క షెడ్డుల గూడ పెట్టరక్కా. నువ్వు ఒక్క గదిల కలుపుతున్నవ్’’ అన్నాడు.

అప్పటికి ఆ మాట నాకు సరిగా ఎక్కలేదు. తర్వాత తెలుసుకుంటే కాళ్లు వణికాయి. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్‌లో, బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది ఆ వాయువునే. దాన్ని నేను ఆరడుగుల గదిలో, కిటికీ మూసి, వంగి నిలబడి తయారు చేయబోయాను. అదీ పిల్లలు తలుపు దగ్గర క్యూలో నిలబడి ఉండగా!

అందుకే ఈ వారం ఈ సంగతి. చిన్న పనే. కానీ తప్పుగా చేస్తే ప్రాణాల మీదికి వస్తుంది. సరిగా చేస్తే పది నిమిషాలు చాలు.

జాలీ కింద ఏముంది?

బాత్రూంలో మూల నేలకు బిగించిన గుండ్రటి జాలీ అందరికీ తెలుసు. దాని కింద ఉన్నదాన్ని ప్లంబర్లు ‘నహానీ ట్రాప్’ అంటారు. మరాఠీలో న్హాణీ అంటే స్నానాల గది. ముంబై రోడ్డు మీద ఉన్న ఊరు కదా మాది, పేరు కూడా ఆ దారినే వచ్చి ఉంటుంది!

అది ఉత్త గొట్టం కాదు. చిన్న గిన్నె లాంటిది. మీరు ఎన్ని నీళ్లు పోసినా చివర్న కొన్ని అందులోనే నిలిచిపోతాయి. మామూలుగా రెండు అంగుళాల ఎత్తున, అంటే 50 మిల్లీమీటర్ల దాకా నీళ్లు ఉంటాయి. ఆ నీళ్లే తలుపు. కాలువలోని దుర్వాసన, బొద్దింకలు ఇంట్లోకి రాకుండా ఆపేది అవే. లండన్‌లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు 1775లో ఇలా నీళ్లు నిలిచే వంపుతో టాయిలెట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పటికీ సింకు కిందైనా, కమోడ్‌లోనైనా ఉన్నది ఆ కిటుకే.

కొన్ని జాలీల కింద బోర్లించిన కప్పు లాంటిది ఒకటి ఉంటుంది. నీళ్లు దాని కింద నుంచి దూరి వెళ్లాలి. వెంట్రుకలు చిక్కేది అక్కడే. చాలామంది దాన్ని తీసి పారేస్తారు. ‘ఇప్పుడు చూడు, నీళ్లు ఎంత జోరుగా పోతున్నాయో’ అని సంబరపడతారు. వారం తిరక్కుండా ‘బాత్రూంలో ఈ కంపు ఏమిటి?’ అని ఫినాయిల్ సీసాలు కొంటారు. ఆ కప్పు అడ్డం కాదు, కాపలా. కడిగి మళ్లీ పెట్టాల్సిందే.

అడ్డం పడేది ఏమిటి?

మొదటి దోషి వెంట్రుకలే. మనిషికి రోజుకు 50 నుంచి 100 దాకా వెంట్రుకలు రాలడం మామూలే. వాటిలో ఎక్కువ ఊడేది తలంటు రోజునే. ఒక్క వెంట్రుక ఏం చేస్తుంది అనుకోకండి. జాలీ కింద ఒకటి చిక్కుకుంటే దానికి పది చుట్టుకుంటాయి. అది వలలా తయారవుతుంది. ఆ వలలోకి తలనూనె, నలుగు పిండి, కుంకుడు పిప్పి, సబ్బు వచ్చి చేరతాయి. శెనగపిండి, పెసరపిండి నీళ్లలో కరగవు. నానతాయి, ఉబ్బుతాయి, అంటుకుంటాయి.

రెండో దోషి నీళ్లు. మా వైపు బోరు నీళ్లతో స్నానం చేస్తే సబ్బు నురగ రాదు. బకెట్ల మీద తెల్లటి మరకలు పేరుకుంటాయి. అలాంటి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. తాగే నీటిలో ఈ కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకోవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ చెప్పింది. ఈ లవణాలు సబ్బుతో కలిస్తే నీళ్లలో కరగని జిగట మడ్డి అవుతుంది. వెంట్రుకల వలకు అది సిమెంటు లాంటిది. అందుకే మెత్తటి నీళ్లున్న ఊళ్లో ఏడాదికోసారి వచ్చే ఇబ్బంది, బోరు నీళ్ల ఇంట్లో నెల నెలా వస్తుంది.

యాసిడ్ ఎందుకు పని చేయదు?

బకెట్ మీద తెల్లమరకను యాసిడ్ నురగలు కక్కిస్తూ పోగొడుతుంది. అది కళ్లారా చూశాం కాబట్టి గొట్టంలో ఉన్నదాన్ని కూడా పోగొడుతుందని నమ్ముతాం. కానీ టాయిలెట్ యాసిడ్‌లో ఉండే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కు వెంట్రుక కరగదు. సబ్బు మడ్డి మీద పోస్తే అది మైనంలాంటి కొవ్వుగా మారుతుంది తప్ప నీళ్లలో కలిసిపోదు. యాసిడ్ తినేసేది మనకు కావలసిన వాటినే. టైల్స్ మధ్య సిమెంటు, మొజాయిక్ గచ్చు, ఇనుప జాలీ, వీటితోపాటు మన చేతులు, ఊపిరితిత్తులు.

ఆ రోజు మా ఇంట్లో చివరికి బయటికి వచ్చిన వెంట్రుకల ఉండ చూస్తే నాకే నవ్వొచ్చింది. సగం సీసా యాసిడ్‌లో గంటసేపు నానినా నిగనిగలాడుతూనే ఉంది!

మరి కిరాణా షాపుల్లో దొరికే డ్రెయిన్ పౌడర్ల మాటేమిటి? వాటిలో ఎక్కువగా ఉండేది కాస్టిక్ సోడా. అది వెంట్రుకను, కొవ్వును కరిగిస్తుంది, నిజమే. కానీ చర్మాన్ని, కంటిని కూడా అంతే తేలిగ్గా కరిగిస్తుంది. నీళ్లు తగలగానే కాగిపోతుంది. పూర్తిగా పూడుకుపోయిన గొట్టంలో వేస్తే ముందుకు పోలేక అక్కడే గడ్డకట్టే ప్రమాదం ఉంది. యాసిడ్ పోసిన చోట ఇది వేస్తే చిమ్మి మొహం మీద పడుతుంది. తప్పనిసరైతే ప్యాకెట్ మీద రాసినట్టే, చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని వాడాలి. అది వేశాక పంపు కొట్టకూడదు. పనిచేయక ప్లంబర్‌ను పిలిస్తే అతనికి మొట్టమొదట చెప్పాల్సింది, లోపల ఏం పోశారో! పాపం, చెయ్యి పెట్టేది అతను కదా.

ఇక తినే సోడా, వెనిగర్ చిట్కా. పొంగు చూడటానికి భలేగా ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, చివర్న మిగిలేది దాదాపు ఉప్పు నీళ్లే. కాస్త వాసన తగ్గొచ్చు. వెంట్రుకల ఉండ మాత్రం కదలదు.

కాబట్టి ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఇది పోసే పని కాదు, తీసే పని.

ఇలా తీయండి

కావలసినవి: రబ్బరు గ్లౌజులు, స్క్రూడ్రైవర్, టార్చిలైటు, పాత టూత్ బ్రష్, ఒక ప్లాస్టిక్ కవరు, మూరెడు సన్నటి ఇనుప తీగ. తీగ లేకపోతే పాత బట్టల హ్యాంగర్‌ను సాగదీయండి. కొసను చిన్న కొక్కెంలా వంచండి.

మొదట నిలిచిన నీళ్లను మగ్గుతో బకెట్లోకి తోడేయండి. జాలీకి స్క్రూలుంటే విప్పండి. లేకపోతే అంచు కింద స్క్రూడ్రైవర్ పెట్టి మెల్లగా లేపండి. పాత ఇళ్లలో వైట్ సిమెంటు పట్టేసి రాదు. చుట్టూ గీకి లేపాలి. సుత్తితో కొడితే టైల్ పగులుతుంది, జాగ్రత్త. 

కప్పు ఉంటే తీయండి. టార్చి వేసి చూడండి. సగం ఇబ్బంది కంటికే కనిపిస్తుంది. కొక్కేన్ని లోపలికి పోనిచ్చి, మెల్లగా తిప్పి, పైకి లాగండి. ఇక్కడే అందరూ చేసే పొరపాటు ఒకటుంది. కర్రతోనో, చీపురు పుల్లతోనో లోపలికి పొడుస్తారు. ఉండ ముందుకు పోయి, చెయ్యి అందని వంపులో కూర్చుంటుంది. పొడవకండి, లాగండి. 

వచ్చినదాన్ని కవర్లో వేసి చెత్తబుట్టకు పంపండి. కమోడ్‌లో వేస్తే ఈ గొట్టం బాధ ఆ గొట్టానికి చుట్టుకుంటుంది. జాలీని, కప్పును, ట్రాప్ లోపలి గోడల్ని బ్రష్‌తో తోమి, అన్నీ ఎక్కడివక్కడ పెట్టండి. ఆఖర్న ఒక బకెట్ నీళ్లు ఒక్కసారిగా పోయండి. నీళ్లు సుడి తిరుగుతూ పోతే పని అయినట్టే.

జిడ్డు ఎక్కువగా ఉంటే అంట్లు తోమే లిక్విడ్ రెండు చెంచాలు వేసి వేణ్నీళ్లు పోయొచ్చు. సలసల మరిగే నీళ్లు మాత్రం వద్దు. ఇప్పటి ఇళ్లలో ఉన్నవన్నీ పీవీసీ గొట్టాలే. అరవై డిగ్రీలు దాటితే మెత్తబడి వంగుతాయి, అతుకులు కారతాయి.

అప్పటికీ కదలకపోతే రబ్బరు పంపు. ప్లంజర్ అంటే హార్డ్‌వేర్ షాపుల్లో ఇస్తారు. రబ్బరు మునిగేటన్ని నీళ్లు నిలిపి, పదీ పదిహేను సార్లు పైకీ కిందికీ కొట్టి, చివరిసారి గట్టిగా లాగాలి. వాష్ బేసిన్ గొట్టం కూడా అదే ట్రాప్‌లోకి వస్తుంటే దాని నోటికి తడిగుడ్డ కుక్కండి. లేకపోతే గాలి అటు నుంచి పోయి మీ శ్రమ వృథా.

మా వైపు బాత్‌టబ్బులు తక్కువే కానీ అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు అవే తొలి పరీక్ష. అక్కడా ఇదే పద్ధతి. టబ్బు అడుగున ఉన్న బిరడాను విప్పి వెంట్రుకల్ని కొక్కెంతో లాగాలి. టబ్బు పక్కగోడకు పైన ఒక రంధ్రం ఉంటుంది, నీళ్లు పొర్లకుండా పోవడానికి. పంపు కొట్టేముందు దాన్ని తడిగుడ్డతో మూయాలి. తలనూనె పట్టించి టబ్బులో స్నానం చేసేవాళ్లు, దిగేటప్పుడు జారకుండా కూడా చూసుకోండి!

మీ చేతిలో లేనిదైతే...

ఒక్క బాత్రూంలోనే నీళ్లు ఆగితే తప్పు ట్రాప్‌లోనో, దాని తర్వాత గొట్టంలోనో ఉన్నట్టు. వంటింటి సింకు, కమోడ్ అన్నీ ఒకేసారి మొరాయిస్తే, పై అంతస్తు వాళ్లు స్నానం చేస్తే మీ ఇంట్లో నీళ్లు పైకి తన్నితే, తప్పు ఇంటి బయట ఉన్నట్టు. వాకిట్లో ఛాంబర్ మూత తీసి నిలబడి చూడండి. అది నిండి ఉంటే అడ్డం దాని అవతల ఉంది. అది ఖాళీగా ఉండి, బాత్రూం నిండి ఉంటే అడ్డం రెండింటి మధ్య ఉంది. ఈ ఒక్క సంగతి చెబితే ప్లంబర్‌కు సగం పని తగ్గుతుంది. పొడవాటి స్ప్రింగు తీగతో వచ్చి లాగేస్తాడు.

చూడటం వరకే. ఛాంబర్‌లోకి తల పెట్టకండి. సెప్టిక్ ట్యాంక్‌లోకి ఎవరూ దిగకూడదు, ఎవర్నీ దింపకూడదు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. ‘వాసన పోయింది, ఇక దిగొచ్చు’ అనుకున్నవాడు మళ్లీ పైకి రాడు. ఒకర్ని కాపాడబోయి వెంట దిగినవాళ్లూ పోయిన వార్తలు ఇదే పేపర్లో ఎన్ని చదవలేదు?

రక్షణ ఏర్పాట్లు లేకుండా సెప్టిక్ ట్యాంక్, డ్రైనేజీల్లోకి మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఆ పనిలో చనిపోయినవారి కుటుంబానికి ముప్పై లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘ఐదొందలిస్తాం, కాస్త దిగి చూడవయ్యా’ అనే మాట మన నోట రాకూడదు. పీల్చే లారీని పిలిపించాలి.

పోసింది ఎక్కడికి పోతుంది?

ఆ తమ్ముడే ఇంకో మాట అన్నాడు. ‘‘మనం పోసింది కనబడకుంటే పోయిందనుకుంటమక్కా. యాడికి పోతది?’’ 

ఈ ప్రశ్న మా ప్రాంతానికి కొత్త కాదు. డెబ్బైల నుంచి పటాన్‌చెరు చుట్టూ కంపెనీలు వచ్చాయి. వాటి నుంచి వదిలిన నీళ్లు నక్కవాగులో కలిశాయి. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. ఆ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. కంపెనీల మురుగును ఒక్కచోట శుద్ధి చేసే కేంద్రం పటాన్‌చెరులో 1994లో మొదలైంది. చెరువులు, బోర్లు పాడైన ఊళ్ల వాళ్లకు అర్థమైంది ఒక్కటే, పోసింది ఎక్కడికీ పోదు. మన సగం సీసా యాసిడ్ ఒక కంపెనీ కాలువ ముందు ఎంత? చిన్నదే. కానీ మా ఇంట్లోది ముందు మా సెప్టిక్ ట్యాంక్‌కే పోతుంది. అక్కడ మలినాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులను చంపుతుంది. అవి చస్తే ట్యాంక్ త్వరగా నిండుతుంది. ఆ ఖర్చూ మనదే.

మళ్లీ రాకుండా...

తలంటుకు ముందే జుట్టు దువ్వి, ఊడిన వెంట్రుకల్ని చెత్తబుట్టలో వేయండి. జాలీ మీద సన్నటి కన్నాల వల గానీ, పాత నైలాన్ గుడ్డ ముక్క గానీ వేయండి. స్నానం అయ్యాక ఎవరికి వారే తీసి పారేయాలని ఇంట్లో రూలు పెట్టండి. నలుగు పిండి, కుంకుడు పిప్పి నేల మీద మిగిలితే చేత్తో ఎత్తేయండి. షాంపూ సాచెట్ చించిన మూల, స్టిక్కర్ బొట్టు, అరిగిన సబ్బు ముక్క... ఈ మూడూ మా ట్రాప్‌లో దొరికాయి. మీ దాంట్లోనూ ఉంటాయి, పందెం!

నెలకోసారి జాలీ ఎత్తి కడగండి. కరెంటు బిల్లు కట్టే రోజు పెట్టుకుంటే మర్చిపోరు. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులకు తిరిగొస్తే ఇల్లంతా కంపు కొడుతుందా? ట్రాప్‌లో నీళ్లు ఆరిపోయాయన్నమాట. రెండు మగ్గుల నీళ్లు పోస్తే చాలు.

పొరపాటున రెండు రకాలు కలిపేసి ఘాటు వాయువు వస్తే కడగడానికి ఆగకండి. బయటికి రండి, తలుపులు తీయండి, పిల్లల్ని, పెద్దల్ని గాలి తగిలే చోటికి చేర్చండి. దగ్గు, ఆయాసం ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. ఒంటి మీదో, కంట్లోనో చిందితే ఆగకుండా ఇరవై నిమిషాలు మంచినీళ్లతో కడిగి, ఆసుపత్రికి వెళ్లండి.

ఇక మా ఇంటి సంగతి. ఆ పొద్దున నేను గ్లౌజులు వేసుకుని ఆ యాసిడ్ నీళ్లను మగ్గుతో మెల్లగా తోడి, కమోడ్‌లో ఇంకేమీ పోసి లేదని చూసుకుని, అందులో ఒంపి బాగా నీళ్లు వదిలాను. తమ్ముడు జాలీ ఎత్తాడు. ఐదు నిమిషాల్లో ఉండ బయటికొచ్చింది. ఆరో మనిషి తలంటు తెల్లారకముందే అయిపోయింది. తమ్ముడికి ఆ రోజు మా ఇంట్లోనే భోజనం.

బ్లీచింగ్ పొట్లం ఇప్పుడు వాకిట్లో స్టోర్ గదిలో ఉంది. యాసిడ్ సీసా కొనడమే మానేశాం. మొన్న పక్కింటావిడ వచ్చి ‘‘మా బాత్రూంల నీళ్లు పోతలేవ్, మీ దగ్గర యాసిడ్ ఉన్నదా?’’ అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మంచం మీద నుంచి మా అత్తమ్మ అందుకుంది.

‘‘యాసిడ్ సంగతి తర్వాత. ముందుగాల జాలీ ఎత్తి చూసినవా, బిడ్డా?’’